చిన్న చెరువుల్లో చేపలకు మేత: తరచుగా అడిగే ప్రశ్నలు

చెరువులో చేపపిల్లలను వదిలినవారిని మొదట వెంటాడే సందేహం మేత గురించే. ఏం వేయాలి, ఎంత వేయాలి, ఎన్నిసార్లు వేయాలి అని అందరూ అడుగుతారు. ఎప్పుడు ఆపాలి అని అడిగేవారు తక్కువ. కానీ చిన్న చెరువులో చేపలు ఆకలితో చనిపోవడం అరుదు. తినగా మిగిలిన మేత అడుగున కుళ్లి, నీరు చెడిపోయి చనిపోవడమే ఎక్కువగా జరుగుతుంది. కింది జవాబులు చదివేటప్పుడు ఈ సంగతిని దృష్టిలో ఉంచుకోండి.

మా చెరువులో చేపలకు అసలు మేత వేయాలా?

ఎన్ని చేపలు వదిలారన్న దాన్ని బట్టి ఉంటుంది. చెరువు తనంతట తానే ఆహారాన్ని పుట్టిస్తుంది. ఎండ తగిలిన నీటిలో కంటికి కనిపించనంత సన్నటి పచ్చని ప్లవకాలు పెరుగుతాయి, వాటిని తిని సూక్ష్మ జంతువులు పెరుగుతాయి. అడుగు బురదలో పురుగులు, నత్తలు, కుళ్లిన ఆకుల పొడి ఉంటాయి. చేపలు పలచగా ఉంటే ఈ ఆహారమే వాటికి సరిపోతుంది.

చెరువు పెట్టగలిగినదానికంటే ఎక్కువ నోళ్లు ఉన్నప్పుడు మేత అవసరం అవుతుంది. నెలనెలా వల వేసి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. బరువు పెరగడం ఆగిపోయినా, ఒంటితో పోలిస్తే తల పెద్దదిగా కనిపిస్తున్నా, వీపు సన్నబడినా ఆహారం చాలడం లేదన్నమాట. అమ్మకానికి పెంచుతున్నాం కాబట్టి మేత తప్పదు అనుకునేవారు సైతం ముందుగా నీటిలో ఏముందో చూసుకోవాలి. ఉచితంగా దొరికే ఆహారాన్ని పట్టించుకోకుండా డబ్బు పెట్టి కొన్న మేతను నీటిలో పోయడం నష్టం.

చేపలను చూసి ఆనందించడానికే చెరువు పెట్టుకున్నవారికి రోజుకు ఒకటి రెండు గుప్పెళ్లు చాలు.

నీటిలో సహజ ఆహారం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రని రేకును నాలుగు భాగాలుగా గీసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేయండి. దాన్నే సెక్కీ బిళ్ల అంటారు. మధ్యలో చిల్లు పెట్టి, కొలతలు గుర్తు పెట్టిన తాడు కట్టి, కింద చిన్న బరువు తగిలించండి. మిట్టమధ్యాహ్నానికి కాస్త అటూ ఇటూగా, ఎండ వీపు మీద పడేలా నిలబడి నెమ్మదిగా నీటిలోకి దించండి. తెలుపు, నలుపు తేడా తెలియకుండా పోయిన చోట తాడు మీద లోతు చూసుకోండి.

30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య కనుమరుగైతే ప్లవకాలు తగినంత ఉన్నట్టు. 60 దాటినా బిళ్ల కనిపిస్తూనే ఉంటే నీరు ఖాళీగా ఉంది, చేపలు పూర్తిగా మీ చేతి మేత మీదే ఆధారపడి ఉన్నాయి. 20 లోపే మాయమైతే పచ్చదనం మితిమీరింది. ఆ నీటిలో తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటే ప్రమాదం ఉంది కాబట్టి మేత తగ్గించాలి.

ఒక జాగ్రత్త అవసరం. మట్టి కలిసిన నీటిలోనూ బిళ్ల త్వరగా మాయమవుతుంది. గాజు గ్లాసులో నీరు పట్టి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. పచ్చగానో, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోనో ఉంటే ప్లవకాలు. ఎర్రమట్టి రంగులో ఉండి, కాసేపటికి గ్లాసు అడుగున పేరుకుంటే అది ఒండ్రు. ఒండ్రుతో చేపకు కడుపు నిండదు.

ఏ చేప ఏం తింటుందో గుర్తుపట్టడం ఎలా?

నోరు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. బొచ్చె అని పిలిచే కట్ల నోరు పెద్దది, పైకి తిరిగి ఉంటుంది. అది పైనీటిలో సూక్ష్మ జంతువులను వడగట్టి తింటుంది. శీలావతి, అంటే రోహు, నడిమి నీటిలో మేస్తుంది. దాని పెదవుల అంచులు కుచ్చుకుచ్చుగా ఉంటాయి. మృగాల అనే చేప నోరు కిందికి వంగి ఉంటుంది, అడుగున కుళ్లిన పదార్థం దాని ఆహారం. బంగారు తీగ అడుగు బురదను తవ్వి మరీ పురుగులను ఏరుకుంటుంది. ఈ చేప ఎక్కువైతే నీరు ఎప్పుడూ బురదగానే కనిపిస్తుంది. గడ్డి చేప పేరుకు తగ్గట్టే మొక్కలు తింటుంది. తిలాపియా దొరికినదల్లా తింటుంది. కొరమీను వేటాడే చేప. బతికిన ఆహారానికి అలవాటు పడిన కొరమీనుకు గుళికల మేత నేర్పాలంటే పిల్లగా ఉన్నప్పటి నుంచే మొదలుపెట్టాలి.

వేర్వేరు అంతస్తుల్లో మేసే చేపలను కలిపి పెంచడంలోని తెలివి ఇదే. పైన మిగిలింది కింద ఇంకో చేప తింటుంది. అన్నీ ఒకే రకం ఉన్న చెరువులో ఆ వెసులుబాటు లేదు, మేత విషయంలో చెయ్యి ఇంకా బిగబట్టాలి.

రోజుకు ఎంత మేత వేయాలి?

చెరువులో ఉన్న చేపల మొత్తం బరువులో ఇంత శాతం అని లెక్క కడతారు. అంగుళం, రెండంగుళాల పిల్లలకు శరీర బరువులో 8 నుంచి 10 శాతం. వేలెడు పొడవు దాటాక 5 లేదా 6 శాతం. 100 గ్రాములు దాటిన చేపకు 3 శాతం. అరకిలో దాటితే 1.5 నుంచి 2 శాతం చాలు. ఇవి పొడి గుళికల మేతకు, గోరువెచ్చని నీటిలో పెరిగే చేపలకు వర్తించే సుమారు అంకెలు.

ఉదాహరణకు మీరు 1,000 పిల్లలను వదిలారు. ఇప్పుడు వల వేస్తే సగటున ఒక్కో చేప 200 గ్రాములు తూగింది. వదిలినవన్నీ బతికి ఉండవు కాబట్టి 850 ఉన్నాయనుకుందాం. మొత్తం బరువు 170 కిలోలు. అందులో 3 శాతం అంటే రోజుకు 5 కిలోలకు కాస్త ఎక్కువ. దాన్ని రెండు పూటలకు పంచాలి.

చేప పెరిగేకొద్దీ శాతం తగ్గుతుంది, మొత్తం మేత మాత్రం పెరుగుతుంది. దానికి కూడా ఒక హద్దు ఉంది. నీటికి గాలి అందించే ఏరేటర్ లేని చెరువులో ఎకరాకు రోజుకు 12 నుంచి 15 కిలోల గుళికల మేత దాటిందంటే తెల్లవారుజామున ఆక్సిజన్ మీద కన్నేసి ఉంచాలి. లెక్క ప్రకారం ఇంకా వేయాలని కాగితం చెప్పినా నీరు మోయలేదు. అలాంటప్పుడు కొన్ని చేపలను పట్టేసి సాంద్రత తగ్గించడం మంచిది.

చేపల బరువు ఎలా అంచనా వేయాలి?

రెండు వారాలకు ఒకసారి, కుదరకపోతే నెలకు ఒకసారి, పొద్దున చల్లని వేళ విసురు వల వేయండి. 25, 30 చేపలు దొరికితే సరిపోతుంది. నీరు పోసిన బకెట్‌ను ముందుగా తూచి, అందులో చేపలను వేసి మళ్లీ తూచి, తేడాను చేపల సంఖ్యతో భాగించండి. చేపలు ఎక్కువసేపు గట్టు మీద ఉండకూడదు. తడి చేతులతోనే పట్టుకోవాలి, లేకపోతే ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి రోగాలకు దారి ఇస్తుంది.

మేత వేసే చోటే వల విసిరితే లెక్క తప్పుతుంది. అక్కడికి ముందుగా వచ్చేవి బలమైన, పెద్ద చేపలు. వాటి సగటును మొత్తం చెరువుకు ఆపాదిస్తే అవసరానికి మించి మేత పోస్తారు. చెరువులో మూడు నాలుగు చోట్ల వల వేయండి.

లెక్క కట్టినదంతా వేయాల్సిందేనా?

అక్కర్లేదు. లెక్క మీకు పై హద్దు మాత్రమే చెబుతుంది. ఎంత వేయాలో ఆ పూట చేపలే చెబుతాయి.

తేలే గుళికలు వేసినప్పుడు గట్టు మీద నిలబడి గమనించండి. మొదటి గుప్పెడు పడగానే నీరు ఉడికినట్టు కదులుతుంది, తోకలు నీటిని కొడతాయి, గుళికలు పడ్డచోటే మాయమవుతాయి. కొద్ది నిమిషాలకు ఆ ఉరవడి తగ్గుతుంది. అక్కడొక వలయం, ఇక్కడొక వలయం కనిపిస్తాయి. చేప పైకి వచ్చి గుళికను నోట పట్టి, మళ్లీ వదిలేసి వెళ్తుంది. గాలికి కొన్ని గుళికలు గట్టు వైపు కొట్టుకుపోతుంటాయి. ఆ నోట పట్టి వదిలేయడం కనిపించిందంటే ఇక చాలు, చేతిలో ఉన్నది సంచిలో వేసేయండి. ఉరవడి తగ్గడం మొదలైన చోటే, ఇంకాస్త ఆకలి ఉండగానే ఆపితే మరీ మంచిది. పూర్తిగా కడుపు పగిలేలా తిన్న చేప మేతను సరిగా ఒంటికి పట్టించుకోదు.

మొత్తం మీద 15, 20 నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. అరగంట తర్వాత కూడా గుళికలు తేలుతుంటే తర్వాతి పూట పావు వంతు తగ్గించండి. మేత బాధ్యత ఇతరులకు అప్పగించేవారు, బస్తాల లెక్క కంటే ఈ చూపునే ముందు నేర్పించాలని నా అభిప్రాయం. డబ్బాతో కొలిచి ఒక్కసారిగా పోసి వెనక్కి తిరిగే మనిషికి చెరువు ఏం చెబుతున్నా వినిపించదు.

రోజుకు ఎన్నిసార్లు వేయాలి?

కార్పు జాతి చేపలకు, అంటే కట్ల, రోహు, బంగారు తీగ వంటివాటికి, జీర్ణాశయం ఉండదు. నోటి నుంచి మేత నేరుగా పేగులోకి వెళ్తుంది. ఒకేసారి ఎక్కువ తిని దాచుకునే చోటు వాటికి లేదు. అందుకే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు వేయడం వాటికి నప్పుతుంది. చిన్న పిల్లలకు రోజుకు 3, 4 సార్లు, పెద్దవాటికి 2 సార్లు. కొరమీను లాంటి వేట చేపలకు జీర్ణాశయం ఉంటుంది, పెద్దవైతే రోజుకు ఒకటి రెండు సార్లు చాలు.

ఏ వేళ మంచిది?

పొద్దెక్కాక. సూర్యోదయమైన రెండు గంటల తర్వాత ఒకసారి, సాయంత్రం పొద్దు వాలకముందే మరోసారి.

కారణం ఇది. పగలు నీటిలోని పచ్చని ప్లవకాలు ఎండను వాడుకుని ఆక్సిజన్ విడుదల చేస్తాయి. రాత్రంతా అవే చేపలతో పాటు ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి. అడుగున కుళ్లే పదార్థమూ వాడుకుంటుంది. అందువల్ల తెల్లవారేముందు నీటిలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. తిన్న మేత అరగడానికి చేపకు మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ కావాలి, ఆ అవసరం తిన్న కొన్ని గంటల దాకా సాగుతుంది. చీకటి పడ్డాక మేత వేస్తే చేపకు అవసరం పెరిగే సమయమూ, చెరువులో నిల్వ తగ్గే సమయమూ ఒకటే అవుతాయి.

కొలిచే పరికరం ఉన్నవారు ఒక అంకె గుర్తుపెట్టుకోండి: లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే నిశ్చింతగా వేయవచ్చు, 3 కంటే తగ్గితే ఆ పూట వద్దు.

వేళతో పాటు చోటు కూడా మార్చకండి. రోజూ అదే గట్టు, అదే సమయం అయితే రెండు మూడు వారాల్లో చేపలు మీ అడుగుల చప్పుడుకే గుమిగూడతాయి. అప్పుడు ఒక్కరోజు రాకపోయినా ఏదో తేడా ఉందని వెంటనే తెలుస్తుంది. పెద్ద చెరువైతే రెండు మూడు చోట్ల వేయండి, లేకపోతే బక్కచిక్కిన చేపల వంతు రాదు.

మబ్బు పట్టినా, వాన పడినా, చలి పెరిగినా ఏం చేయాలి?

చేపకు ఒంటి వేడి నీటి వేడితో మారుతుంది. మన కార్పులు 25 నుంచి 32 డిగ్రీల మధ్య చురుగ్గా తింటాయి. 20కి దిగితే ఆకలి సగానికి పడిపోతుంది. 15 దరిదాపుల్లో దాదాపు మానేస్తాయి. ఎండలు మండి నీరు 34, 35 డిగ్రీలు దాటినా తిండి తగ్గుతుంది, పైగా వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. కాబట్టి థర్మామీటరును ఒక అడుగు లోతున పెట్టి చూడటం అలవాటు చేసుకోండి, పైనీటి వేడి మోసం చేస్తుంది.

ఒకటి రెండు రోజులు దట్టంగా మబ్బు పడితే ప్లవకాలు ఆక్సిజన్ సరిగా తయారు చేయలేవు. ఆ రోజుల్లో మేతను సగానికి తగ్గించండి, ఉక్కపోతగా గాలి ఆడకుండా ఉంటే పూర్తిగా మానండి. పెద్ద వాన వెలిసిన వెంటనే కూడా వద్దు. చల్లటి వాననీరు కిందికి దిగి అడుగునీటిని పైకి తెస్తుంది, దానితో పాటు కుళ్లు వాయువులూ పైకి వస్తాయి. ఒక పూట ఆగి, చేపల కదలిక చూసి మొదలుపెట్టండి.

తేలే గుళికలు మంచివా, మునిగేవా?

చిన్న చెరువుకు నా ఓటు తేలేవాటికే. ధర ఎక్కువే, కానీ చేప తింటోందో లేదో కళ్లారా కనిపిస్తుంది. గాలికి కొట్టుకుపోకుండా ప్లాస్టిక్ గొట్టంతో చేసిన చదరపు చట్రాన్ని నీటి మీద తేల్చి, అందులో వేయండి.

అడుగున మేసే చేపలు ఎక్కువుంటే మునిగే గుళికలు కావాలి. అప్పుడు నీటిలో ఒక మేత పళ్లెం వేలాడదీయండి. అంచులున్న వెడల్పాటి పళ్లెం, మూల మూలకు తాడు. గుళికలు వేసిన గంట తర్వాత నెమ్మదిగా పైకి లాగి చూడండి. పళ్లెం ఖాళీగా ఉంటే సరిపోయింది. మెత్తబడిన మేత మిగిలి ఉంటే అడుగంతా అలాగే పేరుకుందని అర్థం.

గుళిక పరిమాణం చేప నోరు తెరిచిన వెడల్పులో సగానికి మించకూడదు. పెద్ద, చిన్న చేపలు కలిసి ఉంటే రెండు సైజులు కలపండి. మొదట పెద్దవి వేస్తే పెద్ద చేపలు అటు మళ్లుతాయి, తర్వాత చిన్నవి వేయవచ్చు.

తవుడు, వేరుశనగ చెక్క వేస్తే సరిపోదా?

సహజ ఆహారం బాగా ఉన్న చెరువులో సరిపోతుంది. తవుడులో ప్రొటీన్ 12 నుంచి 14 శాతం, వేరుశనగ చెక్కలో 40 శాతం పైన. సమానంగా కలిపితే 27, 28 శాతం దగ్గరకు వస్తుంది. కార్పులకు అది చాలు. ఖనిజ లవణాల మిశ్రమం 1 శాతం చేర్చడం మేలు.

పొడి తవుడును నీటి మీద చల్లడం మాత్రం వృథా. సగం గాలికి పోతుంది, సగం తేలి గట్టున పేరుకుంటుంది. చెక్కను ముందు రాత్రే నానబెట్టి, తవుడుతో కలిపి ముద్దలు చేసి పళ్లాల్లో పెట్టవచ్చు. ఇంకో మంచి పద్ధతి సంచుల్లో వేలాడదీయడం. మేతను ప్లాస్టిక్ గోనె సంచిలో నింపి, కింది భాగంలో రెండు వరుసలుగా చిన్న చిల్లులు పొడిచి, నీటిలో పాతిన గుంజకు కడతారు. సంచి కింది భాగం నీటిలో ఉంటుంది. చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుస్తూ, చప్పరిస్తూ తమకు కావలసినంత లాక్కుంటాయి. తినకపోతే మేత సంచిలోనే ఉండిపోతుంది, అడుగుకు చేరేది తక్కువ. రెండు మూడు గంటల తర్వాత సంచిని తడిమి చూడండి. నిండుగా తగిలితే ఆ పూట చేపలు తినలేదు. మిగిలినదాన్ని మర్నాటికి ఉంచకుండా తీసేసి, సంచిని ఉతికి ఎండలో ఆరేయండి.

మేతలో ప్రొటీన్ ఎంత ఉండాలి?

చిన్న పిల్లలకు 35 శాతం పైన, ఎదిగే కార్పులకు, తిలాపియాకు 25 నుంచి 30, కొరమీనుకు 40 పైన. ఎక్కువ ఉంటే ఎక్కువ పెరుగుతుందనుకోవద్దు. అవసరానికి మించిన ప్రొటీన్‌ను చేప శక్తి కోసం కరిగించి, దానిలోని నైట్రోజన్‌ను మొప్పల ద్వారా అమ్మోనియాగా నీటిలోకి వదులుతుంది. ఖరీదైన మేత కొని చెరువును కలుషితం చేసుకున్నట్టవుతుంది.

వంటింట్లో మిగిలినవి, రొట్టె ముక్కలు వేయవచ్చా?

అప్పుడప్పుడు ఒక గుప్పెడు వేస్తే ప్రమాదం లేదు. రోజువారీ మేతగా పనికిరావు. పిండిపదార్థం తప్ప వాటిలో పెద్దగా ఏమీ ఉండదు. ఉప్పు, నూనె, మసాలా కలిసినవి అసలే వద్దు. చెరువు చూడటానికి వచ్చేవాళ్లు విసరాలని ముచ్చటపడితే, చిన్న డబ్బాలో గుళికలు పోసి చేతికివ్వండి. పిల్లలకూ సంతోషమే, చేపలకూ మంచిదే.

గడ్డి చేపకు ఏం వేయాలి?

లేత గడ్డి, అజొల్లా, నీటిపై తేలే సన్నటి ఆకుమొక్కలు, హైడ్రిల్లా వంటి నాచు మొక్కలు ఇష్టంగా తింటుంది. గుర్రపు డెక్క జోలికి దాదాపుగా పోదు. గడ్డిని తేలే చట్రంలో వేసి, తినగా మిగిలిన కాడలను మర్నాడు తీసేయండి. పురుగుమందు కొట్టిన పొలం గట్టు నుంచి కోసిన గడ్డి ఒక్క కట్ట కూడా చెరువులో పడకూడదు.

పశువుల పేడ మేత కిందికి వస్తుందా?

రాదు, అది ఎరువు. ప్లవకాలు పెరగడానికి తోడ్పడుతుంది. సెక్కీ బిళ్ల 30 సెంటీమీటర్ల లోపే మాయమవుతుంటే పేడ వేయకండి. మేత, ఎరువు రెండూ ఒకేసారి పెంచడం చిన్న చెరువు తట్టుకోలేని భారం.

మేత ఎంతవరకు ఒంటికి పట్టిందో లెక్కించవచ్చా?

వేసిన మొత్తం మేతను చేపల్లో పెరిగిన బరువుతో భాగించండి. దీన్ని మేత మార్పిడి నిష్పత్తి అంటారు. పిల్లలు వదిలినప్పుడు 20 కిలోలు, పట్టినప్పుడు 420 కిలోలు అయితే పెరిగింది 400. అందుకు 720 కిలోల మేత ఖర్చయితే నిష్పత్తి 1.8. మంచి గుళికలతో 1.5 నుంచి 2 మధ్య రావాలి. తవుడు, చెక్కలతో 3, 4 వరకు వెళ్లడం మామూలే. గుళికలు వేస్తూ కూడా 2.5 దాటిందంటే మొదట అనుమానించాల్సింది మేత వృథాను, ఆ తర్వాత మీకు తెలియకుండా చనిపోయిన చేపలను.

అందుకే రోజూ ఎంత వేశారో నోటు పుస్తకంలో రాసుకోండి. తేదీ, మేత, నీటి వేడి, చేపలు ఎలా తిన్నాయి అన్న ఒక్క మాట. ఎక్కడ దారి తప్పిందో ఆ పుస్తకం చూపినంత స్పష్టంగా ఏదీ చూపదు.

మేత ఎక్కువవుతోందని ముందుగా ఎలా పసిగట్టాలి?

నీటి మీద తెల్లని నురగ చెదరకుండా నిలుస్తుంది. గాలి వీచే వైపు గట్టున పచ్చని పొర పేరుకుంటుంది. అడుగు బురదను కర్రతో కదిపితే బుడగలు లేచి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మేత వేసే చోట బురద చేతిలోకి తీసుకుంటే నల్లగా, జారుడుగా ఉంటుంది. చివరికి తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతుంటాయి. ఎండ వచ్చాక అవే చేపలు మామూలుగా కనిపిస్తాయి కాబట్టి ఆలస్యంగా లేచేవారికి ఈ హెచ్చరిక అందదు.

కనిపించని ప్రమాదం అమ్మోనియా. మేతలోని నైట్రోజన్‌లో చేప ఒంట్లో చేరేది కొంతే, ఎక్కువ భాగం నీటిలోకే వస్తుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయదు, రెండోది మొప్పలను దెబ్బతీసే విషం. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె అయిన పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే ఆ విషపు రూపం దాదాపు 10 రెట్లవుతుంది. పచ్చదనం ఎక్కువైన చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటడం సాధారణం. పొద్దున చేసిన పరీక్షలో అంతా బాగున్నట్టు కనిపించి, మధ్యాహ్నం చేపలు సుడులు తిరగడానికి కారణం ఇదే. కాబట్టి అమ్మోనియా, పీహెచ్ పరీక్షలు మధ్యాహ్నం వేళ కూడా చేయాలి.

చేపలు గాలి మింగుతుంటే ఆ రోజు మేత పూర్తిగా ఆపండి. ఏరేటర్ ఉంటే వేయండి. లేకపోతే పంపుతో చెరువు నీటినే పైకి తోడి ధారగా మళ్లీ చెరువులో పడేలా చేయండి. వీలుంటే అడుగునీరు కొంత తీసి మంచి నీరు పెట్టండి. రెండు మూడు రోజుల తర్వాత మామూలు మేతలో సగంతో మొదలుపెట్టండి. ఈ ఆపడం వల్ల చేపల ఎదుగుదలకు వచ్చే నష్టం చాలా చిన్నది.

చేపలు ఉన్నట్టుండి తినడం మానేశాయి. రోగమా?

కావచ్చు, కానీ మొదట నీటిని అనుమానించండి. ఆక్సిజన్ తగ్గిందా? నిన్న చలిగాలి వీచిందా? పైనుంచి ఏదైనా నీరు వచ్చి కలిసిందా? నిన్ననో మొన్ననో వల లాగారా? కొత్త బస్తా విప్పారా? వీటన్నిటికీ కాదన్న జవాబు వస్తే నాలుగైదు చేపలను పట్టి మొప్పలు ఎత్తి చూడండి. ఆరోగ్యంగా ఉన్న మొప్ప నిండైన ఎరుపు రంగులో ఉంటుంది. పాలిపోయినా, గోధుమ రంగుకు మారినా, జిగురు కమ్మినా మత్స్య వైద్య నిపుణులకు చూపించండి. ఏ రోగమో తేలకుండా మేతలో మందు కలపడం తప్పు. తినని చేపకు మేతలోని మందు ఎలాగూ చేరదు, అదంతా నీటిలో కలుస్తుంది.

మేతను ఎలా నిల్వ చేయాలి?

నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంలో, ఎండ తగలని చోట. కొన్న రెండు మూడు నెలల్లో వాడేయాలి. పాతబడేకొద్దీ కొవ్వు ముక్కిపోతుంది, విటమిన్ సీ తగ్గిపోతుంది. బూజు పట్టిన మేతను, ముఖ్యంగా వేరుశనగ చెక్కను, పారేయడం తప్ప మార్గం లేదు. అందులో పెరిగే శిలీంధ్రం అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది చేప కాలేయాన్ని పాడుచేస్తుంది. ఎండబెట్టినా, ఉడకబెట్టినా ఆ విషం పోదు. బస్తా విప్పగానే ఒక గుప్పెడు తీసి వాసన చూడండి. ముక్కు కాదన్నది చెరువులో వేయకండి.

నాలుగు రోజులు ఊరికి వెళ్లాలి. ఎలా?

నిశ్చింతగా వెళ్లండి. పెరిగిన చేపలు వారం రోజులు మేత లేకపోయినా తట్టుకుంటాయి, చెరువులో ఉన్నది తింటాయి. చిన్న పిల్లలున్న చెరువుకు మాత్రం ఎవరినైనా పెట్టుకోండి. వెళ్లేముందు నాలుగు రోజుల మేత ఒకేసారి పోసి వెళ్లడం అన్నిటికంటే ప్రమాదకరం. గడియారంతో నడిచే మేత యంత్రం పెట్టుకుంటే దాన్ని మామూలు మోతాదులో సగానికే అమర్చండి. మబ్బు పట్టిందనీ, చేపలు పైకి వచ్చి గాలి మింగుతున్నాయనీ ఆ యంత్రానికి తెలియదు.

కొత్త పిల్లలను వదిలిన రోజే మేత వేయాలా?

వద్దు. ప్రయాణపు అలసట తీరి నీటికి అలవాటు పడనివ్వండి. మర్నాడు కొద్దిగా మొదలుపెట్టి, వారంలో పూర్తి మోతాదుకు రండి.

పట్టుబడికి ముందు మేత ఎప్పుడు ఆపాలి?

కనీసం ఒక రోజు ముందు, దూరం తీసుకెళ్లేవైతే రెండు రోజుల ముందు. పేగులు నిండుగా ఉన్న చేప రవాణా నీటిని త్వరగా మురికి చేస్తుంది, ఆక్సిజన్ ఎక్కువగా వాడుతుంది, చంపి అమ్మినా త్వరగా పాడవుతుంది. చెరువులో కొన్నిటినే పట్టి మిగతావి ఉంచుతుంటే, వల లాగిన రోజంతా మేత ఆపి, మర్నాడు ఉన్న చేపల బరువును కొత్తగా లెక్క కట్టి వేయండి. పాత మోతాదునే కొనసాగిస్తే పట్టేసిన చేపల వంతు కూడా నీటిలోనే మిగులుతుంది.